కాలు పడని చోటు

పోయిన నెల నుంచి మా ఇంటికి ప్యాకెట్ పాలు వస్తున్నాయి. అంతకు ముందు పాలు మాబున్ని అనే ఆమె తెచ్చేది. తెల్లారేసరికి సత్తు క్యాను మోచేతికి తగిలించుకుని మెట్ల కింద నిలబడి "రత్నక్కా" అని ఒక్క పిలుపు పిలిచేది. రెండో పిలుపు ఉండేది కాదు, గిన్నె పట్టుకుని నేనే దిగాలి. ఇప్పుడు ఆ పిలుపు లేదు. తన బర్రెను అమ్మేసింది. నేను పాల ప్యాకెట్లు కడిగి, ఆరబెట్టి, వంటింటి మూలలో ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటున్నాను. ఇంట్లో పనిచేసే అమ్మాయికి ఇది చూస్తే నవ్వు. "ఎందుకు పెద్దమ్మా దాసిపెడతావు, ఇటియ్యి, పారేసొస్తా" అంటుంది. ఎక్కడ పారేస్తావని అడిగితే "యాడో ఒగచోట" అంటుంది. ఆ యాడో ఒకచోట ఎక్కడుందో నాకు తెలుసు. అందుకే ఇవ్వను.

మాబున్ని బర్రెను ఎందుకు అమ్ముకుందో చెప్పాలంటే చెరువు సంగతి చెప్పాలి. చెరువు సంగతి చెప్పాలంటే మా అవ్వ దగ్గర మొదలుపెట్టాలి. నాయనకు తల్లి ఆమె. కంభం చెరువు తనకు పసుపు కుంకుమ కింద వచ్చిన ఆస్తి అన్నట్టు మాట్లాడేది. పుట్టినూరు దొనకొండకు ఇంకా లోపల, మెట్టపొలాల మధ్య. అక్కడి బావి నీళ్ళలో కందిపప్పు ఉడకదు. పొద్దున ఎసట్లో పోసింది మధ్యాహ్నానికి కూడా పలుకు పలుకుగానే ఉంటుంది. తలంటుకుంటే కుంకుడుకాయ నురగ రాదు. అందుకని అవ్వకు సంబంధం చూడ్డానికి బయల్దేరిన వాళ్ళ నాయన కంభం వచ్చి, పెళ్ళికొడుకు ఇంటికి పోకముందే చెరువు కట్ట ఎక్కాడట. కొండల నడుమ నిండుగా ఉన్న నీళ్ళు చూసి, కిందికి దిగి దోసిలి పట్టి తాగి, ఆ తర్వాత దుకాణం ఎంతుందో, పిల్లవాడు నల్లనో తెల్లనో పట్టించుకోకుండా తాంబూలాలు పుచ్చుకున్నాడట. "మా నాయన నన్ను మీ తాతకియ్యలేదే, చెరువుకిచ్చినాడు" అని అవ్వ నవ్వేది. మా మేనత్తలకు సంబంధాలు వచ్చినప్పుడు కూడా ఆమె అడిగే మొదటి మాట ఆ ఊళ్ళో చెరువుందా అనే. లేదంటే ఆ సంబంధం అక్కడితో ఆఖరు. "చెరువు లేని ఊరికి గొడ్డునైనా ఇయ్యను, పిల్లనెట్ల ఇస్తా" అనేది.

మా ఇంట్లో తాగే నీళ్ళు, వంట నీళ్ళు చెరువువే. బడికి పోకముందు ఒక నడక, బడి వదిలాక ఒక నడక. నాకు తోడు మాబున్ని. మా దుకాణం వెనక సందులో వాళ్ళిల్లు. వాళ్ళ నాయన ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు, ఊరంతా కళాయి సాయిబు అనేవాళ్ళు. ఆయన నవాసాగరం చల్లి గిన్నె రుద్దుతుంటే లేచే తెల్లపొగ మా ఇంటి వెనక వసారాలోకి వచ్చేది. ముక్కు మండేది, అయినా నేను ఆ పొగ కోసం పోయి నిలబడేదాన్ని. మాబున్ని నాకంటే ఏడాది చిన్నది, కానీ బిందె ఎత్తడంలో నాకంటే మొనగత్తె. చెరువులో ఒక పెద్ద బండ ఉంది, సగం నీళ్ళలో, సగం గడ్డలో. బిందెలు అక్కడ తోమి, ముంచి, ముంచాక ఊరికే కాసేపు కాళ్ళు నీళ్ళలో వేసి కూర్చునేవాళ్ళం. చిన్న చేపలు వచ్చి మడమలు కొరికేవి. కొత్తనీళ్ళు వచ్చినప్పుడు బిందెల్లో ఎర్రగా ఉండేవి. అవ్వ కుండ లోపలివైపు చిల్లగింజ రుద్ది పెట్టేది. మధ్యాహ్నానికి మన్ను అడుక్కు దిగి, పైన నీళ్ళు తేటగా నిలబడేవి. ఆ నీళ్ళతో పప్పు ఉడుకుతుంటే వచ్చే వాసన వీధి మొగదలకే తెలిసేది. నేను ఉద్యోగం చేసిన ఊళ్ళన్నిట్లో కుక్కర్లు పెట్టి ఎన్ని విజిళ్ళు వేయించినా ఆ వాసన మళ్ళీ రాలేదు.

నాయన దుకాణం ఇంటి ముందు గదిలోనే. బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు, ఆముదం, గోనెసంచులు, అన్నీ కలిసి ఒకటే వాసన. పై దూలానికి ఒక రేకు డబ్బా వేలాడేది, దాని అడుగున బెజ్జం, ఆ బెజ్జంలోంచి పురికొస కిందికి దిగేది. నాయన పాత పేపరు ముక్కలో సరుకు పోసి, నాలుగు వైపులా మడిచి, పురికొసను అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి తిప్పి, చిటికెనవేలికి చుట్టి ఒక్క గుంజు గుంజేవాడు. కత్తెర లేకుండానే కొస తెగేది. ఆయన వేసే ముడి ఆయనది. పొట్లం ఎంత ఊగినా, సంచిలో ఎంత నలిగినా ఊడదు. కానీ చిన్న కొస ఒకటి బయటికి వదిలేవాడు, దాన్ని పట్టి లాగితే మంత్రం వేసినట్టు విడిపోతుంది. "కట్టింది దోవలో ఊడగూడదు, ఇంటికాడ విప్పనీకి ఆడోళ్ళకు పండ్లతో కొరికే పని పడగూడదు" అని చెప్పి నాకు నేర్పించాడు. ఆయన నాకు నేర్పిన వ్యాపారం అదొక్కటే. పొట్లం విప్పాక ఆ పేపరు మళ్ళీ పనికొచ్చేది, పొయ్యి రాజెయ్యడానికో, ఆవకాయ జాడీ మూతికో. పురికొసను అమ్మ ఉండ చుట్టి పెట్టి చిక్కుడు పందిరికి కట్టేది. ఇంటి వెనక పెంటకుప్ప ఉండేది, బూడిద, పేడ, తొక్కలు అన్నీ అందులోకే. దుక్కులకు ముందు రైతులు వచ్చి, మాకు మాకు అని వాదులాడుకుని బండ్లలో ఎత్తుకుపోయేవాళ్ళు. ఇంట్లోంచి బయటికి పోయింది ఏదైనా ఎవరికో ఒకరికి కావలసిందే.

అవ్వకు కాగితం విషయంలో పట్టింపు ఉండేది. చదువు రాదు, అయినా అక్షరం ఉన్న ముక్క కాలికి తగిలితే వంగి కళ్ళకద్దుకునేది, మాచేత అద్దించేది. దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండరు పాతబడితే పొయ్యిలో పెట్టనిచ్చేది కాదు, పెంటలో వెయ్యనిచ్చేది కాదు. చుట్టి, పసుపు బొట్టు పెట్టి, చెరువుకు తీసుకెళ్ళి, నీళ్ళలో దించి పైన రాయి పెట్టేది. నాలుగు రోజులకు కాగితం నీళ్ళలో కలిసిపోయేది. దేవుడి వస్తువు మనిషి కాలు పడే చోట ఉండకూడదు, అంతే ఆమె శాస్త్రం. ఎంగిలికి ఇంకో శాస్త్రం. కార్తీకంలో వనభోజనాలకు చెరువు ఒడ్డుకు పోయేవాళ్ళం. ఎండాకాలమంతా అవ్వ కుట్టి దాచిన మోదుగాకు విస్తర్లు ఒక కట్ట, రాత్రి నానబెట్టిన చింతపండుతో పులిహోర, దొన్నెల్లో పరమాన్నం. తిన్నాక విస్తరి మడిచి అక్కడే ఒక పక్కకు పెట్టి వచ్చేయాలి. ఎంగిలాకు ఇల్లు చేరితే అరిష్టం. సాయంత్రానికి ఆవులు, మేకలు వచ్చి మెతుకుతో సహా ఆకు నమిలి పోయేవి. మర్నాడు బిందె పట్టుకుని పోతే అక్కడ మా ఊరి కోమట్లంతా కూర్చుని తిన్న గుర్తే ఉండేది కాదు. మాబున్ని మా పంక్తిలో కూర్చునేది కాదు, ఆ రోజులు అటువంటివి. ఆమె వాటా పులిహోర నేను ఆకులో పొట్లం కట్టి, నాయన ముడి వేసి తెచ్చి ఇచ్చేదాన్ని.

చదువు, టీచరు ఉద్యోగం, పెళ్ళి, బేస్తవారిపేట, దొనకొండ, మళ్ళీ బేస్తవారిపేట, ఇట్లా తిరిగి తిరిగి రిటైరయ్యాక కంభం వచ్చి ఒక మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నాను. చెరువున్న ఊళ్ళో ముసలితనం గడుపుదామని. మొదటి సాయంత్రమే బండ దగ్గరికి పోయాను. దూరం నుంచి ఒడ్డంతా తెల్లగా కనిపిస్తే కొంగలు వాలాయనుకున్నాను. దగ్గరికి పోతే థర్మాకోల్ ప్లేట్లు. చెరువు ఇప్పుడు చూడటానికి వచ్చే చోటు అయింది. ఆదివారాలు కార్లు, ఆటోలు, పుట్టినరోజు కేకులు, పెళ్ళి ఫోటోలు, రంగు పొగ డబ్బాలు. బిర్యానీ తింటారు, గ్లాసుల్లో కూల్‌డ్రింకు తాగుతారు, సీసాల్లో ఇంకోటి తాగుతారు, లేచి చేతులు కడుక్కుని వెళ్ళిపోతారు. వాళ్ళను తిట్టుకుంటూ నిలబడి ఉండగా తట్టింది, వీళ్ళు చేస్తున్నది అవ్వ చేసిందే. ఎంగిలాకు ఇల్లు చేరకూడదు. కొత్త కారుకు నిమ్మకాయలు కట్టుకుని వచ్చినవాడు ఎంగిలి ప్లేట్లు అందులో పెట్టుకుని పోతాడా? ఆచారం ఉన్నచోటే ఉంది, ఆకు ఒక్కటే పోయింది.

మాబున్నికి అప్పటికి భర్త పోయాడు, రెండు బర్రెలు మిగిలాయి. వాటి పాలు టీకొట్లకు, మాలాంటి ఇళ్ళకు పోసి బతికేది. మా వైపు ఎండాకాలం గడ్డి అన్నమాట చెరువు ఒడ్డున తప్ప ఇంకెక్కడా వినపడదు. తెల్లారి పాలు పోసి బర్రెలను తోలుకుని ఒడ్డుకు పోయేది, పొద్దు వాలాక తిరిగొచ్చేది. ఒక యేడు పెద్ద బర్రె మేత మానేసింది. కడుపు మాత్రం ఉబ్బి, చూసేవాళ్ళు చూడితో ఉందా అని అడిగేట్టు ఉండేది. చనిపోయాక డాక్టరు కోసి చూపించాడట. నేను పలకరించడానికి పోతే మాబున్ని ఏడవలేదు, కొట్టం గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. "కడుపు నిండా కవర్లే రత్నక్కా. గడ్డికి చోటే లేదు. ఆకలైతుందని తిన్నది, తిన్నకొద్దీ ఆకలే" అంది. ఇక ఆమెకు మిగిలింది నుదుట తెల్ల మచ్చ ఉన్న చుక్క బర్రె ఒక్కటే. అది పోతే మాబున్ని బతుకు పోయినట్టే, అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రోజుల్లోనే బట్టల దుకాణం రంగయ్యన్న ఆదివారాలు చెరువు ఒడ్డు శుభ్రం చేద్దామని ఒక గుంపును పోగుచేశాడు. కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు దుకాణదారులు, రిటైరైన వాళ్ళం కొందరం. మాబున్ని ఎవరూ పిలవకుండానే వచ్చి చేరింది, నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయింది. మిగిలినవాళ్ళు చెరువు కోసం వచ్చారు, ఆమె చుక్క బర్రె కోసం వచ్చింది. మొదటి ఆదివారం 'మన చెరువును కాపాడుకుందాం' అని ఫ్లెక్సీ కట్టి ఫోటోలు దిగారు, నాలుగు వారాల తర్వాత గాలికి చిరిగి నీళ్ళలో పడిన ఆ ఫ్లెక్సీని కూడా మేమే ఏరాం. చేతులకు కవర్లు తొడుక్కుని వంగి ఏరుతుంటే ఆ వాసన గొంతులో దిగేది. మురిగిన అన్నం, పిల్లల డైపర్లు, పగిలిన సీసాలు. నడుము నొప్పి సరే, మనసుకు పట్టిన అసహ్యం సాయంత్రం స్నానం చేసినా పోయేది కాదు. ఏరినది యూరియా గోతాల్లో నింపేవాళ్ళం. మూతి కట్టే పని నాది. రంగయ్యన్న దుకాణం నుంచి పురికొస ఉండ తెచ్చేవాడు, నేను నాయన ముడి వేసేదాన్ని. గోతాన్ని ఎట్లా విసిరినా మూతి ఊడేది కాదు. "శెట్టి మామ ముడి ఇంగా మరిసిపోలేదే నువ్వు" అని మాబున్ని సంబరపడింది.

ఆ గోతాలు ఎక్కడ వెయ్యాలి అన్న దగ్గర వచ్చింది చిక్కు. ఒడ్డున పటాలు దొరికాయి, అద్దం పగిలిన లక్ష్మీదేవి, చెదపట్టిన రాముల వారి పట్టాభిషేకం, చేతులు విరిగిన వినాయకుడు. ఇంట్లో పాతబడ్డ దేవుళ్ళను అవ్వ లాగే నీళ్ళలో కలపాలని తెచ్చినవాళ్ళవి. ఇప్పటి దేవుడు ప్లాస్టిక్కు, ఫైబరు, అద్దం, నీళ్ళలో కలవడు. పటాలను వేరే పెడదాం అనుకున్నాం. కానీ చూస్తే దేవుడు లేని చెత్తే లేదు. అగరబత్తి కవరు మీద దేవుడు, టపాసుల డబ్బా మీద దేవుడు, బియ్యం సంచి మీద, పెళ్ళి పత్రిక మీద, స్వీటు డబ్బా మీద. చివరికి గుట్కా పొట్లం అమ్మిన కొట్టువాడి చేతిసంచి మీద కూడా. అన్నీ కలిసి గోతాల్లోకి చేరిపోయాయి. ఊరి చెత్త పడే దిబ్బ దగ్గర పందులు తిరుగుతాయి, చచ్చిన కుక్కలను పారేస్తారు. అక్కడికి పంపడానికి ఎవరికీ మనసు ఒప్పలేదు. కాల్చేద్దామని ఒక కాలేజీ పిల్ల అంటే అందరం చెవులు మూసుకున్నాం. మాబున్ని కొంగు విప్పి చూపించింది, ఉరుదూ క్యాలెండరు ముక్కలు ఏరి మూటగట్టుకుని ఉంది. ఇంకా ఎన్ని గోతాల్లోకి పోయాయో తనకు తెలియదట. "మావీ ఉండాయన్నా దాంట్లో, తొక్కేచోట ఎయ్యొద్దు" అంది. కుల సంఘాల్లో, గుడి కమిటీల్లో ఏనాడూ ఒక్క మాట మీదికి రాని మనుషులు ఆ రోజు ఒక్క నిమిషంలో ఒప్పుకున్న సంగతి అదొక్కటే.

ట్రాక్టరు నడిపేది ఓబులేసు. నెమ్మదైన మనిషి, డీజిలు ఖర్చు మాత్రమే తీసుకుని వచ్చేవాడు. రంగయ్యన్న అతని భుజం మీద చెయ్యి వేసి చెప్పాడు. "దేవుళ్ళుండారు నాయనా దీంట్లో. ఊరి దిబ్బ కాడ వద్దు. మనిషి కాలు పడని చోట ఎయ్యి." ఓబులేసు ఆ మాట విని ట్రాలీకి దణ్ణం పెట్టి ఇంజను ఎక్కాడు. ఎక్కడ వేస్తున్నావు అని ఆ వారం గానీ, తర్వాత వారాల్లో గానీ మాలో ఒక్కరమూ అడగలేదు. చెత్త కంటి ముందు నుంచి పోయింది, దేవుడికి మర్యాద దక్కింది, అంతకంటే ఏం కావాలి.

ఆ ఎండాకాలం చివరికి ఒడ్డు తేటపడింది. మొత్తం కాదు, బండకు అటూ ఇటూ కంటికి ఆనినంత మేర. ఒక సాయంత్రం నేనూ మాబున్ని బండ మీద కూర్చున్నాం. చుక్క బర్రె పరపరమని గడ్డి కొరుకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మాబున్ని చెప్పులు విడిచి కాళ్ళు నీళ్ళలో పెట్టి, నన్ను కూడా పెట్టమంది. చేపలు రాలేదు. రాకపోయినా నాకు ఏడుపు వచ్చింది, సంతోషానికే. ఇదిగో, ముసలివాళ్ళం, మాకు చేతనైంది ఇంత, కానీ అయింది కదా అనుకున్నాను. ఈ చెరువు గురించి నాకు మిగిలిన ఒకే ఒక్క మంచి సాయంత్రం అది.

వానలు ఆ యేడు దండిగా పడ్డాయి. ఎన్నో యేండ్లుగా మబ్బు చూసి మొక్కి మొక్కి విసిగిన ఊరు, ఒక పొద్దున కొండల్లోంచి వాగులూ వంకలూ వస్తున్నాయని తెలిసి చెరువు మీదికి పరుగెత్తింది. పసుపు కుంకుమలు పట్టుకుని ఆడవాళ్ళు, ఫోన్లు పట్టుకుని పిల్లలు. మేమూ పోయాం. ఎర్రనీళ్ళు నురగలు కక్కుతూ దిగుతున్నాయి. ఆ నురగ మీద తెల్లగా ఏవో దొర్లుతూ వచ్చి మా బండకు కొట్టుకుని ఆగాయి. మాబున్ని కిందికి దిగి ఒకదాన్ని చెవి పట్టి ఈడ్చింది. యూరియా గోతం. మూతికి పురికొస, రెండు చుట్లు, చిన్న కొస ఒకటి బయటికి. ఇంకొకటి వచ్చింది, ఇంకొకటి. కొన్ని పొట్టలు చీలి లోపలివి వదులుకుంటూ వచ్చాయి, కొన్ని చెక్కు చెదరకుండా వచ్చాయి. ఒక్క ముడి కూడా ఊడలేదు. ఆడవాళ్ళు కొత్తనీళ్ళకు పసుపు చల్లుతున్నారు. ఆ పసుపు మా గోతాల మీద పడుతోంది.

ఓబులేసును పిలిపించారు. అతను భయపడలేదు, తప్పు చేసినవాడిలాగా లేడు, నాకు అతన్ని చూస్తే జాలేసింది. కొండ కింద ఎండిపోయిన వంకలో వేశాడట. "మనిషి కాలు పడని చోట అన్నారు గదమ్మా. ఆ వంక నిండా కంప, పాములు. గొర్రెలోళ్ళు గూడా దిగరు. చెప్పులిడిచి ఒక్కొక్కటి చేతుల్తో దించినా, ఇసిరెయ్యలేదు. ఆ వంకకు నీళ్ళొచ్చి ఎన్నేండ్లయిందో, ఈయేడొస్తాయని ఎవురనుకున్నారు" అన్నాడు. ఎవరిని ఏమనాలి? మేము చెప్పింది చెప్పినట్టు చేశాడు. వాన రాదని నమ్మడం ఈ నేల మీద పుట్టిన వాళ్ళందరికీ అలవాటే. వచ్చే ఆదివారం మళ్ళీ మొదలుపెడదాం అని ఎవరో అన్నారు. వచ్చే ఆదివారం నలుగురం వచ్చాం. ఆ తర్వాత ఆదివారం నేనూ మాబున్ని మాత్రమే.

అప్పటినుంచి నా ఆలోచన ఒక్క చోటే తిరుగుతోంది. ఎంగిలి ఇంటికి తేవద్దు, దేవుణ్ణి తొక్కనివ్వద్దు, అక్షరం కాలికి తగలనివ్వద్దు. అవ్వ చెప్పిన మాటల్లో ఒక్కటీ తప్పు కాదు. ఒక్కటీ ఇప్పుడు పనికి రాదు. మన ఇల్లు శుభ్రంగా ఉండడం అంటే మురికిని గడప దాటించడమే అని నేర్చుకున్నాం. గడప అవతల ఆవు ఉండేది, మన్ను ఉండేది, నీళ్ళు ఉండేవి, అవి సర్దుకునేవి. అవ్వకు అటువంటి చోటు ఒకటి దొరికింది. నాకు అటువంటి చోటు ఈ భూమి మీద లేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా లేదు, ఓపిక అయిపోయింది.

మాబున్ని చుక్క బర్రెను కొట్టంలో కట్టేసింది. చొప్ప కొని వేసింది. తెల్లారి వేరేవాళ్ళ బర్రెలు చెరువుకు పోతుంటే ఇది గుంజ చుట్టూ తిరిగి అరిచేది. పాలు తగ్గాయి. ఒకరోజు పలుపు తెంపుకుని పోయింది. నేనూ మాబున్ని వెతుక్కుంటూ పోతే బండ పక్కన నిలబడి ఉంది. కాళ్ళ మధ్య మా గోతం ఒకటి, పక్క చీలి ఉంది. బర్రె నింపాదిగా ఏదో నములుతోంది. మాబున్ని పరుగెత్తి దవడ పట్టుకుని, నోట్లో మోచేతి దాకా చెయ్యి పెట్టి లాగింది. పొడుగ్గా, తెల్లగా ఒక కవరు బయటికి వస్తూనే ఉంది. ఎంత లోపలికి పోయిందో, అంతకు ముందు ఎన్ని పోయాయో తెలియదు. నేను గోతం వైపు చూశాను. పొట్ట చీలింది గానీ మూతి మాత్రం గట్టిగా కట్టి ఉంది. కొస పట్టి లాగాను. నాయన చెప్పినట్టే సులువుగా విడిపోయింది.

ఆ తర్వాత వారం మాబున్ని ఎప్పటిలాగే మెట్ల కింద నిలబడి పిలిచింది. గిన్నె పట్టుకుని దిగితే, ఇవే ఆఖరి పాలు అంది. చుక్క బర్రెను ఇచ్చేసిందట. కళ్ళు పొడిగా ఉన్నాయి, పెద్ద బర్రె పోయినప్పుడు లాగే. ఎవరికిచ్చావని అడిగాను. బేరానికి నలుగురు వచ్చారట. అందర్నీ కూర్చోబెట్టి టీ ఇచ్చి, కొట్టం ఎట్లాంటిది, మేత ఏం పెడతారు అని అడగకుండా ఒక్కటే మాట అడిగిందట, మీ ఊళ్ళో చెరువుందా అని. ముగ్గురు ఉందని గొప్పగా చెప్పారు. వాళ్ళను పంపేసింది. నాలుగో ఆయన దొనకొండ అవతల నుంచి వచ్చాడు. తలవంపుగా, చెరువూ కుంటా ఏమీ లేవమ్మా, బోరు నీళ్ళు తొట్లో పోసి తాపాల అన్నాడట. పలుపు ఆయన చేతిలో పెట్టింది. క్యాను వంచి అడుగున ఉన్నది కూడా నా గిన్నెలోకి కార్చుతూ, నా మొహం చూడకుండా చెప్పింది.

"చెరువు లేని ఊరే చూసి ఇచ్చినా రత్నక్కా."